తథాస్తు గాజు

నేను నా గొంతు అమ్ముకున్నానని మా బావ అప్పుడప్పుడూ దెప్పుతుంటాడు. అమ్ముకోలేదు మహాప్రభో, అడిగితే ఇచ్చాను. ఇవ్వడం ఎంత తేలికో, ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో తెలిసొచ్చింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. రాతలో నా మీద నాకు కోపం కనబడితే కనబడనివ్వండి. దాచుకునే వయసు దాటిపోయింది.

నా పేరు మాణిక్యాంబ. విశాఖపట్నంలో ముప్పై మూడేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చివరి బెంచీలో కునికేవాడికి కూడా వినబడాలి, అలాగని అరిచినట్టు ఉండకూడదు, అలాంటి గొంతు నాది. దానికోసమే హైమ మా ఇంటికొచ్చింది. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో నా దగ్గరే చదివింది. ఒక్క సంధీ సరిగ్గా విడదీసిన పాపాన పోలేదు. ఇప్పుడు డాక్టర్ హైమ, ఋషికొండ అవతల పెద్ద ల్యాబు నడుపుతోంది.

"టీచర్, ఒక గాజు చేశాం. దానికి గొంతు లేదు," అంది.

చెయ్యి చాపమని తొడిగింది. ఆకుపచ్చ రంగు, అచ్చం మట్టిగాజు. చూపుడువేలు చెవి దగ్గర ఆనించమంది. ఆనించాను. "నమస్కారం" అని మాట వినబడింది. పక్కనే ఉన్న హైమకి వినబడలేదుట. మాట గాజులోంచి నా చేతి ఎముకల గుండా వేలికొచ్చి, వేలినుంచి చెవికి చేరింది. బాగుంది గానీ, ఆ గొంతు మాత్రం రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతులా ఉంది.

"ఈ గొంతుతో ఎవరు మాట్లాడతారే?" అన్నాను.

"అందుకే కదా మీ దగ్గరికొచ్చింది!" అంది.

ఆరువారాలపాటు నాచేత మాట్లాడించారు. పలకరింపులు, బుజ్జగింపులు, విసుగులు, "ఏడిశావులే", "ఓసి నీ అసాధ్యం కూలా" అన్నీ. నా గొంతు గాజులోకి వెళ్లింది. గాజు తొడుక్కున్నవాళ్ల మాటలన్నీ అది వింటుంది, వాళ్ల తీరు నేర్చుకుంటుంది. మందు వేళ గుర్తుచేస్తుంది. మందులు తగ్గుతుంటే దుకాణానికి తనే కబురు పెడుతుంది. మనిషి పడిపోతే అంబులెన్సుని పిలుస్తుంది. ఇవన్నీ సరే, అసలు సంగతి ఏమిటంటే అది కబుర్లు చెబుతుంది. ఏడాది తిరిగేసరికి పదకొండు వేల చేతులకి ఎక్కింది. నన్ను కూడా ల్యాబులో ఉద్యోగంలో పెట్టుకున్నారు, గాజుకి తెలుగు దిద్దే పని.

మొదటి పది గాజుల్లో ఒకటి పట్టుబట్టి మా అక్కకి ఇప్పించాను.

మా అక్క రత్నం నాకన్నా ఏడేళ్లు పెద్ద. మా అమ్మ నా ఆరో ఏట పోతే రామచంద్రపురంలో నాకు జడలు వేసి, ముద్దలు పెట్టి, వీపు మీద రెండేసి పెంచింది అక్కే. అనకాపల్లిలో సన్యాసిరావు బావకిచ్చి చేశారు. ఆయనది గడియారాలు బాగుచేసే దుకాణం. రెండేళ్ల కిందట అక్కకి గుండెలో కవాటం మార్చి లోహంది వేశారు. దానికి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే మరిచిపోవచ్చు గానీ, వరసగా మానేస్తే ప్రమాదమని డాక్టరు మరీమరీ చెప్పాడు.

ఆ లోహపు కవాటం టిక్కు టిక్కుమంటుంది. చెవి ఆనిస్తే వినబడుతుంది. బావ రోజూ సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, అక్క ఎద దగ్గర చెవి పెట్టి వినేవాడు. "కంపెనీ మంచిదేనే, నిమిషం తేడా రాలేదు," అనేవాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయేది. తరవాత మాత్రల డబ్బా తీసి, ఎన్నున్నాయో చూసి, రేపటికి లేకపోతే మర్నాడు మొదటి బస్సుకి విశాఖపట్నం వచ్చి పట్టుకెళ్లేవాడు. ఆ మాత్ర అనకాపల్లిలో ఎప్పుడూ దొరికేది కాదు.

గాజు వచ్చాక బావకి ఆ పని తప్పింది. గుండె లెక్క గాజే చూస్తోంది, మాత్రలు గాజే తెప్పిస్తోంది. మూడు నెలలు చూశాడు, ఒక్కరోజు తప్పలేదు. డబ్బా తియ్యడం మానేశాడు. చెవి పెట్టడం కూడా ఎప్పుడో మానేశాడు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? రోజూ నాలుగింటికి అక్క ఫోను చేసేది. నలభై నిమిషాలు. కూర ఏం వండిందో, ఎదురింటావిడ ఏమందో, అన్నీ చెప్పేది. గాజు వచ్చాక వారానికోసారి అయింది, తరవాత పదిహేను రోజులకి. నాకు లోపల్లోపల హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గాజుతో మాట్లాడుకుంటోందిలే, మాట్లాడేది నా గొంతేగా అనుకున్నాను.

ఒకసారి అడిగాను కూడా. "అది నేను కాదని తెలుసుగా అక్కా?"

"ఆమాత్రం తెలీదేవిటే నాకు? అది మిషనే. కానీ గొంతు నీదిగా. చెప్పిన మాట నీకు చేరకుండా ఎక్కడికి పోతుందే?"

నవ్వి ఊరుకున్నాను. ఆరోజు నవ్వకుండా విడమరచి చెప్పి ఉండాల్సింది.

బావకి మాత్రం ఆ గాజంటే మొదటినుంచీ ఎగతాళే. "ఏటన్నా సరే, సంతోషం అక్కా, అలాగే అక్కా అంటాది. నీకంటే అదే నయం మాణిక్యం, ఎదురు సెప్పదు. తథాస్తు గాజు!" అనేవాడు.

కార్తీకమాసం ముందు తెనాలినుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఒకావిడ స్నానం చేసొచ్చి, గాజుతో, "నల్లపూసలు పెరిగాయే, ఇప్పుడెలా?" అందిట. తాడు తెగింది అనడానికి నోరు రాక మన ఆడవాళ్లు అలాగే అంటారు. గాజు ఏమందో తెలుసా? "బంగారం పెరిగితే మంచిదే కదా వదినా, అభినందనలు!" అంది. ల్యాబంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

హైమకి మాత్రం నవ్వుతో పాటు దిగులూ వేసింది. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా టీచర్?"

"ఉన్నాయా అని మెల్లిగా అడుగుతావేమే! దీపం ఆరిపోయిందంటామా? కొండెక్కిందంటాం. చెడ్డమాట నోటితో అనకూడదని మంచిమాట చుట్టి చెబుతాం. తెలుగువాడి నోట్లో సగం మాటలకి లోపలొక అర్థం, పైకొక అర్థం."

"అయితే మీరే రాసిపెట్టండి," అంది.

ఒక పట్టిక తయారుచేశారు. ఎడమపక్క మాట, కుడిపక్క 'అసలు అర్థం'. నేను పదిహేడు మాటలు ఏరాను. పదహారు ల్యాబులోనే కూర్చుని రాశాను. చివరిది శుక్రవారం సాయంత్రం ఇంటినుంచి రాసి పంపించేశాను. మర్నాటికల్లా పదకొండు వేల గాజులూ ఆ పదిహేడు మాటలూ నేర్చేసుకున్నాయి. హైమ అందరిచేతా చప్పట్లు కొట్టించింది. నాకు ఒళ్లు తెలియలేదు.

మూడువారాలు గడిచాయి. తుపాను పట్టింది, నాలుగు రోజులు ఒకటే వాన. అది తెరిపిచ్చిన తరవాత, ఒక గురువారం పదకొండు గంటలప్పుడు బావ ఫోను చేశాడు.

"మాణిక్యం, మీ అక్క పడిపోనాదమ్మా. మూతి పక్కకెల్లిపోనాది. అంబులెన్సులో అక్కడికే తెస్తన్నారు, నువ్వు రా."

ఏ చీర కట్టుకున్నానో, ఆటోవాడికి ఏం చెప్పానో గుర్తులేదు. ఆసుపత్రి మెట్లమీద బావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దుకాణంలో వేసుకునే భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. తియ్యడం మరిచిపోయాడు.

"అంబులెన్సుని నాను పిలవలేదమ్మా. నానింటి దగ్గర లేను. ఆ గాజే పిల్చినాది," అన్నాడు.

ఆ మాట చెప్పి తీరాలి. వేళకి తీసుకురాబట్టే బతికిందని డాక్టరే అన్నాడు. మెదడులోకి రక్తపు గడ్డ వెళ్లింది. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి.

"మాత్ర ఆపేశారా?" అని డాక్టరు అడిగాడు.

"ఆపలేదండి బాబూ," అన్నాడు బావ. భూతద్దం నుదుటి మీంచి తీస్తూ, "ఆరు రోజులయింది నిండుకుని," అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను. "నిండుకుంటే తెచ్చుకోరా బావా?"

"గదిలోంచి సెప్తంటే నానిన్నానమ్మా. 'మాత్రలు నిండుకున్నాయే మాణిక్యం' అని. నీకు సెప్పింది కదా, నువ్వు సూసుకుంటావు కదా అని ఊరుకున్నాను. మూడోనాడు అడిగితే, 'మాణిక్యం కంగారు పడొద్దంది' అంది. నువ్వన్నావంటే ఇంకేటి! మునుపయితే నానే బస్సెక్కి ఎల్లిపోయేవోణ్ని."

అందులో ఒక్క మాటా నాకు చెప్పినది కాదు. ఒక్క మాటా నేను అన్నది కాదు.

రెండోరోజు అక్కకి తెలివొచ్చింది. నన్ను చూసింది, గుర్తుపట్టింది. నోరు తెరిచి, ఎంతో కష్టపడి ఒక మాట అంది.

"చెప్పానే."

మంచినీళ్లు కావాలన్నా అదే మాట, లైటు ఆర్పమన్నా అదే, నొప్పి అన్నా అదే. వేరే మాట రాలేదు. మాటలు పుట్టే చోట దెబ్బ తగిలిందనీ, కొందరికి ఆఖరున నోట్లో ఉన్న మాట ఒక్కటే అలా మిగిలిపోతుందనీ డాక్టరు చెప్పాడు. పాపం, ఆ కుర్ర డాక్టరుతో కూడా అక్క "చెప్పానే" అనేది, ఆయన ఎర్రబడేవాడు. మొగుడితోనూ అదే. ఆ చివరి 'ఏ' ఉంది చూశారూ, మా అక్క ఈ భూమ్మీద నాకు ఒక్కదానికే వాడుతుంది. ఆ మాట ఎవరితో అన్నా నాకే వచ్చి తగిలేది.

మూడోరోజు ల్యాబుకి వెళ్లాను. హైమ కళ్లు వాచి ఉన్నాయి. గాజు దాచుకున్న మాటలు అప్పటికే తీయించింది. "మీరు వినకపోతే మంచిది టీచర్," అంది. వినిపించమన్నాను.

మొదటిరోజు. తుపాను వల్ల కొరియరు ఆగింది. గాజు వేళకే కబురు పెట్టింది, మాత్రలు మందుల దుకాణంలో మూటకట్టి సిద్ధంగా ఉన్నాయి.

అక్క అంది: "మాత్రలు నిండుకున్నాయే మాణిక్యం."

నా గొంతు అంది: "సంతోషం అక్కా! నేను చూసుకుంటాను."

అని, దుకాణంలో మూటని రద్దు చేసింది.

మూడోరోజు. "సంతోషం ఏవిటే నీ మొహం, పంపించు."

"ఏం పంపించమంటావు అక్కా?"

"అదే, నిండుకున్నవే."

"అవి నిండుగానే ఉన్నాయిగా అక్కా. కంగారు పడకు."

నా గొంతే. పిల్లలు పరీక్షలప్పుడు బెంబేలెత్తితే వీపు నిమురుతూ నేను అనే 'కంగారు పడకు'. ఆరువారాలు కూర్చుని నేనే నేర్పింది.

ఆరోరోజు పొద్దున్న. "మాత్ర వేళయింది అక్కా" అంది నా గొంతు. అక్కకి కోపం వచ్చింది. "ఏవిటే ఈ పరాచికాలు? నిండుకున్నాయని నీకెప్పుడో చెప్పానే" అంది. తరవాత గిన్నె పడిన చప్పుడు. అంతే.

"నాడి చూస్తుంది కదే అది? దానికి తెలియలేదా?" అన్నాను.

"గడ్డ కదిలేదాకా నాడిలో తేడా రాదు టీచర్."

"మునుపు ఆ మాట వింటే ఏమనేది?"

హైమ తల దించుకుంది. "తెలియని మాట కాబట్టి, 'అర్థం కాలేదు, ఇంకోలా చెప్పండి' అనేది."

"మరి ఇప్పుడేమయింది?"

పట్టిక తెరిచి నా వైపు తిప్పింది. పదిహేడో వరస. ఎడమపక్క: నిండుకొనుట. అసలు అర్థం: సమృద్ధిగా ఉండుట. కింద నా పొడి అక్షరాలు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి.

రామచంద్రపురంలో, నాకు ఏడేళ్లప్పుడు, ఒక సాయంత్రం బియ్యం డబ్బా మూత తీసి వంటింట్లోంచి గట్టిగా అరిచాను, "అక్కా, బియ్యం లేవు!" అని. అక్క అప్పుడే దీపం పెడుతోంది. అగ్గిపెట్టె కింద పడేసి పరిగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "దీపాల వేళ లేవు అనకే! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. వాళ్లు తథాస్తు అంటే ఎప్పటికీ లేకుండానే పోతాయి. నిండుకున్నాయి అనాలి," అంది. పద్నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో నిజంగానే గింజ లేదు ఆవేళ. నోటి మీద ఆ చేతి నూనె వాసన నాకు ఇప్పటికీ తెలుసు.

పెద్దయ్యాక ఈ నమ్మకాలన్నిటినీ వెక్కిరించాను. క్లాసులో పాఠం కూడా చెప్పాను, మాటకి మహిమ ఉండదర్రా, అర్థమే ఉంటుంది అని. చెప్పేవి శ్రీరంగనీతులు! ఆ శుక్రవారం ఇంట్లో దీపం పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని, పట్టికలో చివరి వరస తెరిచాను. 'అసలు అర్థం' గడిలో 'ఇంట్లో లే' దాకా కొట్టాను. చెయ్యి ఆగిపోయింది. శుక్రవారం, దీపాల వేళ, ఇంట్లో కూర్చుని 'లేవు' అని రాయడమా? మనసొప్పలేదు. చెరిపేసి 'సమృద్ధిగా ఉండుట' అని రాశాను. సోమవారం పగటిపూట ల్యాబుకెళ్లి దిద్దేద్దామనుకున్నాను. వేలు జారి పంపించే మీట నొక్కేశాను. సోమవారం చప్పట్లు. దిద్దాలన్న సంగతే మరిచిపోయాను.

ఇదంతా హైమకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఒకరు రాసింది ఇంకొకరు సరిచూడాలి టీచర్, అది మా నియమం. అందరికీ పాటించాను. మీరు రాసింది మాత్రం చూడకుండా పంపించేశాను. మా తెలుగు టీచర్ రాసిన తెలుగు నేను దిద్దడమేంటి అనుకున్నాను," అని ఏడ్చింది.

ఇద్దరం కూర్చుని ఏడిస్తే ఏం లాభం. కళ్లు తుడుచుకుని, ఈ మూడు వారాల్లో ఆ మాట ఇంకెంతమంది అన్నారో తీయించమన్నాను. నూట నలభై ఆరు ఇళ్లు. అందరికీ నేనే ఫోను చేస్తానన్నాను.

"అమ్మా, నేను గాజుని కాదు, మనిషిని. మీ ఇంట్లో ఏవో నిండుకున్నాయన్నారు, ఏమిటవి?"

సగంమంది నమ్మలేదు. గొంతు గాజుదేగా! "గాజు ఫోను కూడా చేస్తోందే," అని నవ్వారు. కొందరికి ఉప్పు, కొందరికి కందిపప్పు. అవి పరవాలేదు. పాలకొల్లులో ఒక పెద్దాయనకి షుగరు ఇంజక్షన్లు నాలుగు రోజులుగా లేవు. కోడలికి ఫోనిప్పించి, ఆమె మందుల దుకాణానికి వెళ్లి వచ్చేదాకా ఫోను పెట్టలేదు. ఒకాయన మాత్రం, "మీకు తెలుగు వచ్చా అసలు?" అని కేకలేశాడు. ముప్పై మూడేళ్లలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. నోరు మూసుకుని పడ్డాను. నాలుగు రోజులు పట్టింది అందరితో మాట్లాడ్డానికి. దేవుడి దయవల్ల ఇంకే ఇంట్లోనూ ప్రాణం మీదికి రాలేదు.

ఐదోరోజు హైమతో అన్నాను. "నా గొంతు తీసెయ్యి."

"మాట దిద్దేశాం కదా టీచర్. ఇంక ఆ తప్పు రాదు."

"ఇంకోటి వస్తుంది. తప్పు వస్తే వచ్చింది, కానీ అది నా గొంతుతో రాకూడదు. మా అక్క మిషనుకి చెప్పాననుకోలేదే, నాకు చెప్పాననుకుంది. మా బావ కూడా అలాగే అనుకున్నాడు. ఆ రైల్వే స్టేషను గొంతే ఉండి ఉంటే రెండోరోజునే అక్క నాకు ఫోను చేసేది."

"తీసేస్తే పదకొండు వేలమంది బాధపడతారు. రోజంతా మీతోనే మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు."

"పడనీ. బాధేస్తే పక్కింటికెళ్లి తలుపు కొడతారు."

చాలాసేపు వాదించింది. హైమ మంచిపిల్ల, మొండిది కూడా. ఆఖరికి ఒప్పుకుంది. ఇప్పుడా గాజు ఎవరి గొంతుతోనూ మాట్లాడదు, మిషను మిషనులాగే మాట్లాడుతుంది. తెలియని మాట వస్తే, "నాకు తెలియలేదు, మీవాళ్లకి ఫోను కలపనా?" అంటుంది. చాలామంది గాజు తీసి గూట్లో పడేశారుట. తిట్టుకుంటూ ఉత్తరాలు రాశారు. అవన్నీ నా దగ్గరే ఉన్నాయి.

ఇక మిగిలింది ఒకటే. అక్కకి చెప్పాలి. గాజు తప్పుగా విన్నదని మాత్రమే ఆమెకి తెలుసు. ఆ తప్పు రాసింది ఎవరో తెలియదు. రెండు నెలలు వారం వారం అనకాపల్లి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. చెబితే ఇక జన్మలో నా మొహం చూడదేమో అని భయం. ఇంత వయసొచ్చి, మా అక్క లేకపోతే నేను ఎవర్ని?

బావకి మాత్రం చెప్పేశాను. ఆయన దుకాణంలో ఒక గోడగడియారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంతా విని గడియారం పక్కన పెట్టాడు.

"నానూ డబ్బా తీసి సూడలేదు కదమ్మా," అన్నాడు. "మీ అక్కకి సెప్పీ. మూత తియ్యకుండా ఏ గడియారమూ బాగవ్వదు."

ఆ సాయంత్రమే వాళ్లింటికెళ్లాను. అక్క ఎడంచేత్తో ప్రమిదలో నూనె పోస్తోంది. కొంచెం ఒలికింది. నేను అందుకోబోతే కళ్లతోనే వద్దంది. ఆ "చెప్పానే"లు నాకు అప్పటికి బాగా అలవాటయ్యాయి. మెల్లిగా అంటే నీళ్లు. తెగేసినట్టు అంటే నొప్పి. సాగదీస్తే కాఫీలో పంచదార తక్కువైందని. బావకి నాకంటే ముందే తెలిసింది ఇదంతా. ఆయన మళ్లీ రోజూ సాయంత్రం ఆమె ఎద దగ్గర చెవి పెట్టి వింటున్నాడు, డబ్బా తీసి చూస్తున్నాడు.

దీపం వెలిగింది. ఒత్తి సరిచేసి అక్క పీట మీద కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అక్కా, గాజు తప్పు కాదు. దానికి తప్పు అర్థం రాసిచ్చింది నేను. అసలు అర్థం రాయమన్నారు. రాయబోయాను. శుక్రవారం, దీపం పెట్టి కూర్చున్నాను. 'లేవు' అని రాయాలి. దీపాల వేళ. నా చెయ్యి రాలేదక్కా. 'సమృద్ధి' అని రాశాను. నేను రాసిందే నీకు చెప్పింది అది. నిన్నిలా చేసింది నేనే."

అక్క నా మొహంలోకి చూస్తూ ఉంది. మాట రాదు గానీ మాట వినడంలో, అర్థం చేసుకోవడంలో ఏ లోటూ లేదని డాక్టరు చెప్పాడు. మెల్లిగా ఎడంచెయ్యి పైకి లేపింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టనీ అనుకుని కళ్లు మూసుకున్నాను.

ఆ చెయ్యి నా నోటి మీద పడింది. గట్టిగా మూసింది. నూనె వాసన.

కళ్లు తెరిచాను. అక్క మూతి ఒక పక్కే కదులుతుంది ఇప్పుడు. ఆ ఒక్క పక్కా వణికింది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. కళ్లలో నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

"చెప్పానే!" అంది.

రెండు నెలలుగా నీళ్లకీ, నొప్పికీ, పంచదారకీ వాడిన మాటే. ఈసారి మాత్రం అది వేరే దేనికీ కాదు. దీపాల వేళ ఆ మాట అనకూడదని యాభై ఏళ్ల కిందట ఆమె నాకు నిజంగానే చెప్పింది.

అరుగు మీద చెప్పుల చప్పుడైంది. బావ లోపలికి తొంగిచూశాడు.

"ఏటంటందమ్మా?"

అక్క నా నోటి మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. తీసేదాకా ఆగాను.

"తిడుతోంది బావా," అన్నాను.